పొద్దు, గడియ, గంట

మొన్న సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు మా మామ్మ ట్రంకుపెట్టె సర్దుతుంటే అడుగున ఒక కాగితం దొరికింది. మామ్మ పోయి అయిదేళ్ళు కావస్తోంది. మడతల దగ్గర చిరిగి, అంచులు గోధుమరంగుకు తిరిగిన ఆ కాగితం ఆవిడ జన్మపత్రిక. శ్రీముఖ నామ సంవత్సరం, కార్తీక మాసం అని మొదలై (అంటే 1933వ సంవత్సరం), తిథి వార నక్షత్రాలు చెప్పి, చివర 22-30 అన్న అంకెలతో ముగుస్తుంది.

ఈ అంకెలు మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. నాన్నగారు రైల్వేలో స్టేషన్ మాస్టరుగా పనిచేశారు. ఇరవై రెండు ముప్పై అంటే ఆయన దృష్టిలో రాత్రి పదిన్నర. మరో అర్థానికి తావే లేదు. మామ్మ మాత్రం, "నేను పుట్టింది పొద్దు వాలే వేళటరా, మా అమ్మ చెప్పింది" అనేది. "కాగితంలో అంత స్పష్టంగా రాసుంటే మళ్ళీ ఏమిటమ్మా!" అని నాన్నగారు కొట్టిపారేసేవారు. మేము పిల్లలం "అర్ధరాత్రి మామ్మ" అని ఏడిపించేవాళ్ళం. ఆవిడ నవ్వి ఊరుకునేది.

ఈసారి ఆ కాగితాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని చూస్తే, అంకెల పక్కన వెలిసిపోయిన సిరాతో రెండు చిన్న అక్షరాలు కనిపించాయి. 22 పక్కన "ఘ", 30 పక్కన "వి". ఘటికలు, విఘటికలు. గంటలూ కావు, నిమిషాలూ కావు. ఆ రెండు అక్షరాల వెంట పడి వెళ్ళగా తెలుసుకున్న సంగతులే ఈ వ్యాసం.

మన భాషలో కాలాన్ని చెప్పే మాటలు చాలా వరకు మొదట వస్తువులే. అన్నిటికన్నా అచ్చమైనది "పొద్దు". పొద్దంటే సూర్యుడు. పొద్దు పొడవడం, పొద్దు గుంకడం అన్నప్పుడు ఆకాశంలో ఉన్న ఆ బింబాన్నే చెబుతున్నాం. పొద్దుతిరుగుడు పువ్వు తిరిగేది కూడా దానివైపే. అదే పొద్దు రాయలసీమలో "ఈపొద్దు" అంటే రోజవుతుంది. కోస్తాలో "పొద్దున", తెలంగాణలో "పొద్దుగాల" అంటే ఉదయమవుతుంది. "పొద్దుపోయింది" అంటే ఆలస్యమైందని. "పొద్దుపోవడం లేదు" అంటే తోచడం లేదని! సూర్యుడికీ, రోజుకీ, కాలానికీ ఒకే మాట సరిపెట్టుకున్న జాతికి గడియారం లేని లోటు తెలిసి ఉండదు.

"వేళ" సంస్కృతం నుంచి వచ్చింది. అక్కడ దానికి హద్దు అని, సముద్రపు ఒడ్డు అని కూడా అర్థాలున్నాయి. వేళ మీరడం అంటే ఒక గట్టు దాటడమే కదా! ఇక "కాలం" సంగతి చెప్పనే అక్కరలేదు. ఎండాకాలంలో ఋతువు, భూతకాలంలో వ్యాకరణం, పోయేకాలంలో తిట్టు, "కాలం చేశారు" అన్నప్పుడు మృత్యువు. చదువు సరిగా అబ్బనివాడిది వానాకాలం చదువు. వైష్ణవులకు కాలక్షేపం అంటే పెద్దల ఎదుట కూర్చుని గ్రంథం వినడం. మిగిలినవారికి అదే మాట రైల్లో వేరుశెనగకాయలు ఒలుచుకోవడం దాకా దిగివచ్చింది.

ఇప్పుడు కాగితంలోని "ఘ" దగ్గరకు వద్దాం. ఘటి, ఘటిక అంటే చిన్న కుండ. అదే మన నోట గడియ అయింది. (తలుపుకు వేసే గడియ సంగతి వేరు.) కుండ కాలమెలా అయిందో సూర్యసిద్ధాంతం చెబుతుంది. అడుగున సన్నని రంధ్రం ఉన్న రాగిగిన్నెను నీళ్ళ తొట్టిలో తేలవేస్తారు. నీరు మెల్లగా లోపలికి ఎక్కి గిన్నె మునుగుతుంది. పగలూ రాత్రీ కలిపి అది సరిగ్గా 60 సార్లు మునిగేటట్టు ఆ రంధ్రం ఉండాలి. ఒక మునక ఒక గడియ. మన లెక్కలో 24 నిమిషాలు. గడియలో అరవయ్యో వంతు విగడియ, అంటే 24 సెకన్లు. రెండు గడియలు ఒక ముహూర్తం. ఏడున్నర గడియలు ఒక జాము. గిన్నెను మరచిపోయినా, ఆ జామును "తెల్లవారుజాము"లో నేటికీ మోస్తూనే ఉన్నాం.

గిన్నె మునిగినట్టు ఊరందరికీ తెలియాలంటే చప్పుడు కావాలి. అందుకని కావలివాడు కంచుపళ్ళెం మీద కొట్టేవాడు. ఈ దేశంలో ఊళ్ళలో గడియలు కొట్టే పద్ధతిని బాబరు తన ఆత్మకథలో వివరంగా రాసుకున్నాడు. రాత్రిపూట మెలకువ వచ్చినవాడికి గడియ దెబ్బలు వినిపించినా అది ఏ జామో తెలియడం లేదని, గడియతోపాటు జామును కూడా వేరుగా కొట్టమని ఆజ్ఞ ఇచ్చానని చెప్పుకున్నాడు. తరువాత పాశ్చాత్యుల యంత్రం వచ్చి రోజును 24 భాగాలు చేసినప్పుడు, ఆ భాగానికి మనవాళ్ళు పెట్టుకున్న పేరు మ్రోగే వస్తువుదే – గంట! "గంట ఎంతయింది?" అని అడిగే మనిషి నిజానికి చెవితో అడుగుతున్నాడు. పాపం, గడియకు యంత్రం పేరులో మాత్రం చోటు దక్కింది. గంటలు చూపించే దాన్ని మనం గడియారం అంటున్నాం.

నిమిషానిదీ ఇలాంటి కథే. నిమిషమంటే రెప్పపాటు. ఇంగ్లీషువాడి మినిట్ వచ్చేసరికి, ఆ రెప్పపాటును సాగదీసి అరవై సెకన్లకు కట్టబెట్టాం. "ఒక్క నిమిషంలో వస్తాను" అని వెళ్ళి గంటకు వచ్చేవాళ్ళను తప్పుపట్టే ముందు, ఆ మాట సాగడం మొదలుపెట్టి చాలా కాలమైందని గుర్తుంచుకోవాలి.

సరే, గడియకు 24 నిమిషాలని తెలిశాక మామ్మ లెక్క ఎంతసేపు! కానీ అక్కడే ఆగిపోయాను. ఎక్కడ నుంచి లెక్కపెట్టాలి? గంటలు అర్ధరాత్రి నుంచి మొదలవుతాయి. జాతకంలో గడియలు సూర్యోదయం నుంచి మొదలవుతాయి, అదీ పుట్టిన ఊళ్ళో సూర్యోదయం నుంచి. రేఖాంశం ఒక డిగ్రీ మారితే మధ్యాహ్నం 4 నిమిషాలు జరుగుతుంది. కాకినాడలో సూర్యుడు నడినెత్తికి వచ్చిన దాదాపు 18 నిమిషాలకు గానీ అనంతపురంలో నడినెత్తికి రాడు. గడియల లెక్కలో ఏ ఊరి కాలం ఆ ఊరిదే. ఎడ్లబండి మీద పోయేవాడికి ఆ తేడాతో పనిలేదు.

రైలు వచ్చాక పని పడింది. ఒకే పట్టాల మీద ఎదురెదురుగా రెండు బళ్ళు నడవాలంటే రెండు స్టేషన్లకూ ఒకటే మధ్యాహ్నం ఉండాలి. ఆ కాలాన్ని మద్రాసు నక్షత్రశాల ఇచ్చింది. 1792లో నుంగంబాకంలో కట్టిన ఆ శాలలో పరికరాన్ని నిలపడానికి ఎత్తిన రాతిస్తంభం మీద తమిళంతోపాటు తెలుగులోనూ రాతలు చెక్కించారు. గోల్డింగ్‌హాం 1802లో నిర్ణయించిన రేఖాంశం ప్రకారం మద్రాసు కాలం గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాలు ముందు. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో రైళ్ళు ఈ మద్రాసు కాలాన్నే పాటించాయి. అన్నట్టు, 1867లో ఆ శాలలో ఒక చరతారను కనుగొన్న చింతామణి రఘునాథాచారి గారే దృగ్గణిత పంచాంగం వేసి, దుర్భిణిలో కనిపించేదానితో పంచాంగాన్ని సరిపెట్టాలని తాపత్రయపడ్డారు.

ఆ తరువాత 1906 జనవరి 1 నుంచి దేశమంతటికీ ఒకే ప్రామాణిక కాలం వచ్చింది. గ్రీనిచ్‌కు అయిదున్నర గంటలు ముందు, అంటే 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం. ఈ గీత ఉత్తరాన మీర్జాపూర్ దగ్గర నుంచి దిగి మన కాకినాడ సమీపంలో సముద్రంలో కలుస్తుంది. అందరూ సంతోషంగా ఒప్పుకున్నారనుకోకండి. బొంబాయిలో మిల్లు కార్మికులు అల్లరి చేశారు. కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా తమ సొంత కాలాన్ని వదులుకోలేదు. గోడ గడియారాన్ని అర్ధగంటో నలభై నిమిషాలో జరపడం చిన్న విషయమే. కానీ తమ నెత్తిన ఉన్న సూర్యుణ్ణి కాదని ఎక్కడో గీసిన గీతను నమ్మమంటే ఎవరికైనా మనసు ఒప్పుతుందా?

ఇక్కడే "సమయం" అన్న మాట నాకు కొత్తగా కనిపించింది. సంస్కృతంలో దీనికి కాలం ఒక అర్థం మాత్రమే. కలిసి రావడం, ఒప్పందం, కట్టుబాటు అన్నవి కూడా దాని అర్థాలే. నారదస్మృతిలో సంఘాలు, శ్రేణులు చేసుకున్న ఒడంబడికను సమయమనే అన్నారు. దాన్ని మీరకపోవడం ఒక ప్రత్యేక వ్యవహారపదం. తెలుగులో ఆ పాత అర్థం ఒక్క చోట భద్రంగా ఉంది – కవిసమయం. చకోరాలు వెన్నెల తాగుతాయన్నది కవులందరూ ఒప్పుకున్న కట్టుబాటు. అలాగే విజయవాడలోనూ ముంబయిలోనూ ఒకే క్షణాన పన్నెండు కొట్టడం జనసమయం. పొద్దు ఉన్నది; గంట మనం అనుకున్నది. రెండూ అవసరమే. మొదటిదానితో రైలు నడవదు. రెండోదానితో ఉగాది రాదు. అమెరికాలో ఉన్న మిత్రులు కొన్ని పండుగలు మనకంటే ఒక తేదీ ముందు చేసుకోవడం ఇందువల్లనే. తిథి అందరికీ ఒకేసారి మారుతుంది కానీ, సూర్యోదయం మాత్రం ఎవరి ఊరిది వాళ్ళదే.

ఇంతకీ మామ్మ లెక్క. 22 గడియల 30 విగడియలంటే 540 నిమిషాలు, సరిగ్గా 9 గంటలు. ఆవిడ పుట్టింది కాకినాడకు దగ్గర పల్లెలో. కార్తీకంలో అక్కడ సూర్యోదయం ఆరు దాటిన అయిదారు నిమిషాలకు. అంటే మామ్మ మధ్యాహ్నం మూడు దాటాక, శీతకాలపు ఎండ పల్చబడుతున్నప్పుడు పుట్టింది. అక్షరాలా పొద్దు వాలే వేళ!

నాన్నగారికి ఫోనులో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "అమ్మ చెబుతూనే ఉండేదిరా" అని మాత్రం అన్నారు. ఆయన తప్పూ లేదు. ఆయన చదివింది ఆయనకు తెలిసిన కాలంలో. కాగితం కూడా అబద్ధం చెప్పలేదు. మేమే ఒక కాలాన్ని మరో కాలపు అంకెలతో చదివి, చదువురాని ముత్తవ్వ చూసిన పొద్దును డెబ్భై ఏళ్ళు నమ్మలేదు.

మీ ఇళ్ళలోనూ ఇలాంటి కాగితాలు ఉండే ఉంటాయి. అంకెల పక్కన ఏ అక్షరం ఉందో ఒకసారి వెలుతురులో చూడండి. వీలైతే, చెప్పేవాళ్ళు ఉండగానే.