చేరడం ఒక ఎత్తు, నిలవడం ఒక ఎత్తు: న్యూజిలాండ్ పసిఫికా యువత చరిత్ర

ఐటీఐలో సీటు వస్తే ఊరంతా సంబరపడుతుంది. మూడు నెలలకే పిల్లవాడు పెట్టె సర్దుకుని వచ్చేస్తే, ఎందుకని అడిగేవారు తక్కువ. హాస్టల్ వార్డెన్‌గా నేను ఏటా చూసేదే ఇది. ఇదే సమస్యతో పెనుగులాడిన మరో జనం గురించి చెబుతాను, తమ్ముళ్లూ, చెల్లెళ్లూ వినండి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సమోవా, టోంగా, నియూ, కుక్ దీవుల నుంచి వేలమంది న్యూజిలాండ్‌కు వలస వెళ్లారు. వీరినే అక్కడ పసిఫికా ప్రజలంటారు. ఫ్యాక్టరీలకు కూలీలు కావలసి వచ్చి రానిచ్చారు. 1973 చమురు సంక్షోభంతో పనులు తగ్గాక, పిలిచిన నోళ్లే పొమ్మన్నాయి. వీసా గడువు దాటినవారిని పట్టుకోవాలంటూ 1974-76 మధ్య పోలీసులు తెల్లవారకముందే పసిఫికా ఇళ్ల తలుపులు బాదారు. గడువు దాటిన తెల్లవారి జోలికి మాత్రం పెద్దగా వెళ్లలేదు. 1971లోనే ఆక్లాండ్‌లో మీ వయసు యువత 'పాలినేషియన్ పాంథర్స్' సంఘం పెట్టి, చిన్నపిల్లలకు హోంవర్క్ కేంద్రాలు కూడా నడిపింది. 1984 తర్వాత ఆర్థిక సంస్కరణలతో ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. చేతిలో పనితనం సర్టిఫికెట్ లేనివారే ఎక్కువ నష్టపోయారు.

ఆ దేశపు ఆదివాసులైన మావోరీల కోసం 1959లోనే ప్రభుత్వం వడ్రంగం వంటి పనుల్లో శిక్షణ మొదలుపెట్టింది. పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్లకు హాస్టళ్లు ఉండేవి. వార్డెన్‌ని కదా, నా కళ్లు అక్కడే ఆగాయి! క్రైస్ట్‌చర్చ్‌లోని రెహువా హాస్టల్‌లో వాళ్లు తమవాళ్ల మధ్యే ఉంటూ పని నేర్చుకున్నారు. 1989లో మావోరీ వ్యవహారాల శాఖనే రద్దు చేశారు.

2014లో ప్రభుత్వం 'మావోరీ అండ్ పసిఫికా ట్రేడ్స్ ట్రైనింగ్' పథకం తెచ్చింది. అందులో ఫీజు లేదు, పనిముట్లకు సాయం ఉంది, వెంట ఉండి నడిపించే మెంటర్ ఉన్నాడు. శిక్షణ సంస్థలతో పాటు పని ఇచ్చేవారినీ, తెగల పెద్దలనూ కలుపుకున్నారు. వీటన్నిటిలో మెంటరే ముఖ్యమని నాకనిపిస్తుంది. ఫీజు మాఫీ పిల్లవాణ్ని గేటు దాకా తెస్తుంది. ఇంట్లో డబ్బు అవసరమై రేపే కూలిపనికి పోదామనుకునేవాడి ఇంటికి వెళ్లి, తల్లిదండ్రులతో వాళ్ల భాషలో మాట్లాడేది మనిషే. మన దగ్గర పోడు పనుల రోజుల్లో ఖాళీ అయ్యే బెంచీలు నాకు తెలుసు.

2021 ఆగస్టు 1న ప్రధాని జసిండా ఆర్డెర్న్ ఆక్లాండ్ టౌన్ హాల్లో ఆ తెల్లవారుజాము దాడులకు క్షమాపణ చెప్పారు. దానితో పాటే పసిఫికా విద్యార్థుల చదువులకు, వృత్తి శిక్షణకు 21 లక్షల డాలర్ల స్కాలర్‌షిప్‌లు ప్రకటించారు.