తాటికల్లుకు లేని చేదు

మహబూబాబాద్ జిల్లా నెల్లికుదురులో పొద్దున దించిన లొట్టిలో కల్లు తియ్యగా ఉంటుంది. మాపటికి పులుస్తుంది, తెల్లారితే నోట పెట్టలేం. అందుకే గీత కార్మికుడు మోకు, ముస్తాదు కట్టుకుని రోజూ చెట్టెక్కాల్సిందే. నిల్వ ఉండని సరుకు కాబట్టే కల్లు ఊరు దాటి దూరం పోలేదు. జనగామ దగ్గరి ఖిలాషాపూర్ నుంచి మొగలుల మీద తిరగబడి, 1708లో ఓరుగల్లుపై దాడి చేసిన సర్వాయి పాపన్న గీత కులస్థుడే. ఆయన కాలంలోనూ కల్లు సంగతి ఇంతే.

అదే శతాబ్దంలో లండన్ బీరు మాత్రం నెలల తరబడి ఓడల్లో కదిలి మన దేశపు రేవుల్లో దిగింది. వేడి దేశాలకు పంపే బీరు పాడవకుండా అందులో హాప్స్ ఎక్కువ వేయాలని 1760ల నాటికే అక్కడి తయారీదారులకు తెలుసు. బౌ బ్రూవరీ యజమాని జార్జ్ హాడ్జ్‌సన్ ఇండియా పేల్ ఏల్ (ఐపీఏ) అనే బీరును కనిపెట్టాడన్న కథ ఇంకా నడుస్తోంది. నన్నడిగితే ఆయన కనిపెట్టింది బీరును కాదు, బేరాన్ని! ఈస్టిండియా కంపెనీ ఓడల రేవుకు దగ్గర్లో ఉండి, కెప్టెన్లకు ఏడాదికి పైగా అరువిచ్చాడు. పేల్ ఏల్ దొరలకు, నల్లటి పోర్టర్ మామూలు తెల్ల సైనికులకు. 1806లో సికింద్రాబాద్ కంటోన్మెంట్ వెలిసేనాటికి ఈ వ్యాపారం బాగా పాకింది.

హాప్స్ అంటే ఒక తీగ పూత. ఆ పూరేకుల అడుగున పసుపు పొడి, అందులో ఆల్ఫా ఆమ్లాలు ఉంటాయి. గంటసేపు మరిగితేనే అవి రూపు మారి చేదుగా దిగుతాయి. పులుపు తెచ్చే లాక్టిక్ బ్యాక్టీరియాను అణిచేదీ ఆ చేదే.

ఏ రకం హాప్స్ వేయాలన్నది ఈ ఆల్ఫా ఆమ్లాల దగ్గరే తేలుతుంది. చెక్ సాజ్‌లో ఆల్ఫా ఆమ్లాలు 3–4 శాతం, జర్మన్ మాగ్నమ్‌లో 12–14 శాతం. అంటే అంతే చేదుకు సాజ్ మూడు నాలుగు రెట్లు పోయాలి. అయినా సాజ్‌ను వదులుకోరు, దాని సువాసన వేరు. సువాసన కావాలంటే మరగడం ఆగే ముందు వేయాలి. ముందే వేస్తే ఆవిరితో పోతుంది. చేదుకు ఒకటి, వాసనకు ఒకటి కలిపి వాడేవాళ్లే ఎక్కువ.

ఈ తీగకు చలికాలపు గడ్డకట్టే చలి, వేసవిలో దీర్ఘమైన పగలు కావాలి. మన దేశంలో అది హిమాచల్‌లోని లాహౌల్ లోయలో పండుతుంది. నెల్లికుదురు ఎండలకు నిలవదు. 2015లో మైక్రోబ్రూవరీలకు నిబంధనలు వచ్చాక హైదరాబాద్‌లో ఐపీఏ దొరుకుతోంది. ఓడ ప్రయాణమేమీ లేదు, ఫ్రిజ్ ఉంది. ఇప్పుడా చేదు కేవలం రుచి కోసమే.

మరి కల్లులో హాప్స్ వేస్తే నిలుస్తుందా? చేదు దిగాలంటే మరిగించాలి, మరిగిస్తే కల్లును పొంగించే ఈస్ట్ చస్తుంది, ఇక పొంగదు. పైగా కల్లును సిరకా చేసే ఎసిటిక్ బ్యాక్టీరియా హాప్స్‌కు పెద్దగా లొంగదు.