బెనె ఎఫ్రాయిం మతవిద్య

బెనె ఎఫ్రాయిం మతవిద్య గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో నివసించే తెలుగు యూదులు తమ పిల్లలకు, యువతకు సమాజమందిరం కేంద్రంగా అందించే ధార్మిక శిక్షణ. బెనె ఎఫ్రాయిం అంటే హీబ్రూలో ఎఫ్రాయిం సంతతి అని అర్థం. ప్రాచీన ఇశ్రాయేలు గోత్రాలలో ఒకటైన ఎఫ్రాయిం వంశం తమదని ఈ సమాజం విశ్వసిస్తుంది.

మాదిగ కులానికి చెందిన ఈ కుటుంబాలు పూర్వం క్రైస్తవాన్ని అవలంబించాయి. 1980 దశకంలో షెమూయేలు యాకోబి, సాదోక్ యాకోబి సోదరుల నాయకత్వంలో యూదాచారాలను చేపట్టాయి. గ్రామంలో సమాజమందిరం 1991లో ఏర్పడింది.

శిక్షణకు మూలం హీబ్రూ భాష. 22 అక్షరాల దాని లిపిని కుడి నుంచి ఎడమకు రాస్తారు. ఇళ్లలో తెలుగే వాడుక భాష కాబట్టి ప్రార్థనలను హీబ్రూ ఉచ్చారణతో నేర్చుకోవడం ప్రధాన సాధన. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం సాయంత్రం వరకు పాటించే విశ్రాంతి దినం, పస్కా వంటి పండుగలు, ఆహార నియమాలు ఇతర పాఠ్యాంశాలు. కులాను అనే అమెరికా సంస్థ స్వచ్ఛంద సేవకులు గ్రామానికి వచ్చి బోధనలో తోడ్పడ్డారు.

పరిమిత సంఖ్యలో ఉన్న ఈ సమాజంలో ఆచారాలు తర్వాతి తరానికి అందడానికి ఈ శిక్షణే ఆధారం. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ ఈ సమాజంపై రచించిన పరిశోధన గ్రంథాన్ని ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ 2013లో ప్రచురించింది.