కరగిన బంగారము, మిగిలిన గుడ్డ

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమున బల్లరాట్ అను నగరము కలదు. అచ్చటి ఆదివాసులగు వాదావురంగ్ జనుల భాషలో ఆ పేరునకు విశ్రాంతిస్థలమని అర్థము చెప్పుదురు. 1851లో బంగారము బయల్పడిన నాటినుండి ఆ విశ్రాంతి కరవైనది. నానాదేశములనుండి జనులు వచ్చి, గుడారములు వేసికొని నేలను త్రవ్వసాగిరి.

సర్కారువారు త్రవ్వువారిపై నెలకు 30 షిల్లింగుల లైసెన్సు విధించిరి. బంగారము దొరికినవానికిని దొరకనివానికిని రుసుము ఒక్కటే! పైరు సావియైనచో శిస్తులో వజా కోరు మనవారికి ఇందలి అన్యాయము వివరింప నక్కరలేదు. పిదప రుసుము కొంత తగ్గించినను, పోలీసులు వెంటబడి చీటీ చూపుమనుట మానలేదు.

1854 నవంబరు 29న బేకరీ హిల్ అను మిట్టపై గనివారు సభ చేసి ఆ చీటీలను మంటలో వైచిరి. నీలివస్త్రముపై తెల్లని శిలువయు, అయిదు నక్షత్రములును గల పతాకము నెత్తిరి. పిదప యూరేకా అను చోట దడి కట్టుకొని నిలిచిరి. డిసెంబరు 3 తెల్లవారుజామున సైనికులు పైబడగా పోరు కొద్దిసేపటిలోనే ముగిసెను. ఇరువదిమందికి పైగా మరణించిరి. నాయకుడగు పీటర్ లాలర్ ఒక చేయి పోగొట్టుకొనెను. అయినను 1855లో రాజద్రోహ విచారణకు గురియైన 13 మందిని జ్యూరీలు నిర్దోషులనిరి. లైసెన్సు తొలగి, ఏటికి 1 పౌను చెల్లించిన చాలునను పద్ధతి వచ్చెను. ఒంటిచేతి లాలరు 1880లో శాసనసభాధ్యక్షుడయ్యెను.

1858లో ఆ బేకరీ హిల్ నందే సుమారు 69 కిలోల బంగారు ముద్ద దొరకెను. మరుసటి ఏడు లండనులో దానిని కరగించి నాణెములు పోసిరి. ఆ 1859లోనే బల్లరాట్ వాసులు మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్ అను గ్రంథాలయసంస్థను నెలకొల్పిరి. అది నేటికిని నడచుచున్నది. రజతోత్సవము జరుపుకొనుచున్న మన పాఠకులకు ఈ సంవత్సరము గుర్తుండదగినది. 1875లో నాటకశాలయు, 1884లో చిత్రశాలయు వెలసినవి. 1970లో తెరచిన సావరిన్ హిల్ నందు ఆనాటి గనుల ఊరిని తిరిగి నిర్మించినారు. యాత్రికులచ్చట ఇసుక కడిగి బంగారు రజను వెదకుదురు.

వీనియన్నిటికంటె చూడదగినది ఆ పతాకమే. దానిని దించిన పోలీసు కుటుంబమువారు దాచియుంచి, 1895లో చిత్రశాలకు చూపుటకిచ్చిరి. చూడవచ్చినవారికి జ్ఞాపకార్థమని దాని తునకలను కత్తిరించి యిచ్చుటయు జరిగెను! 1973లో దానిని బాగుచేసి ప్రదర్శించిరి. దాదాపు మూడవవంతు నేడు లేదు. మిగిలినది యూరేకా సెంటరునందు మసకవెలుతురులో పరచియున్నది. కత్తిరించుకొనిపోయిన పేలికలలో కొన్ని తరువాతికాలమున బయటపడినవి.