కప్పు దించిన మనిషి

అగ్నిమాపక కేంద్రం చరిత్ర అంటే శకటాలు వచ్చిన ఏళ్లు, పనిచేసిన అధికారుల వరస రాయడం రివాజు. ఆ వివరాలు ఈ స్వర్ణోత్సవ సంచికలో వేరే చోట ఉన్నాయి. మన జీతాల పట్టీలో ఎన్నడూ లేని ఒక మనిషి గురించి నేను రాస్తాను. ఆయన బడిగోడలు, కల్వర్టులు కట్టించే చిన్న కాంట్రాక్టరు. ఊరంతా కాంట్రాక్టరు గారనే పిలిచేది.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక మద్రాసు నుంచి మన వాటాకొచ్చిన అగ్నిమాపక సిబ్బంది, హైదరాబాదు సిబ్బంది ఒకే శాఖ అయ్యారు. అయినా నెల్లూరు తీరానికి శకటం చేరడం తేలిక కాలేదు. సముద్రానికి సమాంతరంగా బకింగ్‌హాం కాలువ, దానికి అవతల ఇసుకదిబ్బలు, సవక తోటలు, వాటి మధ్య జాలర్లుండే పట్టపుపాలేలు. వంతెన ఎక్కడో ఉండేది. అది దాటినా చక్రాలు ఇసుకలో దిగబడేవి. తాటాకు కప్పు అంటుకుంటే అంతసేపు ఆగదు. నిప్పురవ్వలు గాలికి లేచి పక్కింటి మీద పడతాయి. ఎండాకాలంలో పొద్దున పడమటి గాలి, మధ్యాహ్నం సముద్రం గాలి. గాలి తిరిగిందంటే మంట కూడా దారి మార్చేది.

మంట లేచిందని తెలిస్తే కాంట్రాక్టరు గారు మనుషులతో, గునపాలతో, మోకులతో వచ్చేవారు. అంటుకున్న ఇంటి వైపు కాదు, గాలివాలున ఇంకా అంటుకోని ఇంటి వైపు పరిగెత్తేవారు. ఏ దూలానికి మోకు వేసి లాగితే కప్పు మొత్తం ఒక్కసారిగా దిగుతుందో ఇళ్లు కట్టిన మనిషికి తెలుసు. అలా రెండిళ్ల మేర ఖాళీ చేస్తే మంట అక్కడితో ఆగేది. మిగతావాళ్లు తడి గోనెపట్టాలతో, ఇసుకతో రవ్వలను అదిమేవాళ్లు.

అన్నిటికంటే కష్టం ఇంటివాళ్లను ఒప్పించడం. కాలని ఇంటిని కూల్చమంటే ఎవరు ఊరుకుంటారు? “ముందు కప్పు పీకండి అబ్బయ్యా, రేపు నేను కట్టిస్తా” అనేవారాయన. ఆ మాట అక్షరాలా నిలబెట్టుకున్నారు. తన పనికని తెచ్చుకున్న వాసాలు ఆ ఇంటికి పంపేవారు, కూలి తనే ఇచ్చేవారు. ఆ మాట మీద నమ్మకం లేకపోతే ఏ ఇల్లూ సమయానికి దిగేది కాదు. నా దృష్టిలో ఆయన చేసిన అసలు సేవ ఇదే.

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికైన్ ఓడ పేలినప్పుడు మంటలార్పుతూ 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. వాళ్ల స్మృతిలోనే ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు వారోత్సవం చేస్తాం. అది జీతం తీసుకునే సిబ్బందికి దక్కిన గౌరవం. జర్మనీలో, అమెరికాలో చిన్న ఊళ్ల అగ్నిమాపక దళాలు చాలావరకు కాంట్రాక్టరు గారి లాంటి స్వచ్ఛంద కార్యకర్తలతోనే నడుస్తాయి. వాళ్లకు గుర్తింపు ఉంది, శిక్షణ ఉంది. మన కాంట్రాక్టరు గారికి చేతి మీద కాలిన మచ్చలు తప్ప ఏమీ దక్కలేదు. ఇది నన్ను బాధపెడుతుంది.

2004 సునామీ తర్వాత తీరమంతా సిమెంటు కప్పులు పెరిగాయి. ఇప్పుడు భయం గ్యాసు సిలిండర్లతో, కరెంటు తీగలతో. వచ్చే ఏప్రిల్ వారోత్సవానికి పాలేల్లో తాపీమేస్త్రీలను, కరెంటు పనివాళ్లను, చిన్న కాంట్రాక్టర్లను పిలిచి శిక్షణ ఇవ్వాలని మన కేంద్రాన్ని కోరుతున్నాను. ఏ ఇంటికి మెయిన్ స్విచ్ ఎక్కడుందో, ఏ గోడ పట్టు లేనిదో వాళ్లకే తెలుసు. శకటం వచ్చేలోగా అక్కడ ఉండేదీ వాళ్లే.