గోలీ వెనక కాల్షియం

"మాకేం కాలే గదా, గోలీలెందుకు?" బోదకాలు మాత్రలు పంచడానికి ఇంటికొచ్చే ఆశా కార్యకర్తకి ఎదురయ్యే ప్రశ్న ఇది. "నా ముందట్నే మింగాలె అక్కా" అంటుంది ఆమె. పెద్దవాళ్ళకి మూడు డి.ఇ.సి., ఒక ఆల్బెండజోల్. ప్రశ్న న్యాయమైనదే. ఆ డి.ఇ.సి. పురుగు కండరాన్ని ఏం చేస్తుందో కనిపెట్టడానికి సైన్సుకే డెబ్బై ఏళ్ళు పట్టింది.

నులిపురుగు అన్న మాట పటాన్‌చెరులో రెండు చోట్ల వినిపిస్తుంది. 1972లో మొదలైన ఇక్రిశాట్ పొలాల్లో అది కంది వేళ్ళని పట్టే పురుగు. బళ్ళో మాత్రలిచ్చే రోజున పిల్లల కడుపులో పురుగు. బోదకాలు తెచ్చే ఫైలేరియా ఈ రెండింటికీ చుట్టమే. దోమ కాటుతో ఒంట్లోకి వచ్చి, శోషరస నాళాల్లో కాపురం పెడుతుంది. మూడూ నెమటోడ్లే. మూడింటి కండరమూ దాదాపు ఒకే పద్ధతిలో పనిచేస్తుంది.

ఈ కథలో మనవాడొకడు రెండుసార్లు కనిపిస్తాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో బోస్టన్ చేరాడు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌నీ, 1929లో ఏటీపీనీ పట్టుకున్నాడు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నాడు. కండరానికి శక్తి లాక్టిక్ యాసిడ్ నుంచి వస్తుందన్న అప్పటి సిద్ధాంతం వీటితో కూలిపోయింది.

రెండోసారి కనిపించేది లెడర్లీ కంపెనీలో. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకెళ్ళిన అమెరికా సైనికులు వేలమంది ఫైలేరియా బారిన పడ్డారు. సుబ్బారావు బృందం కాటన్ ర్యాట్ అనే ఎలుకల్లో మందుల్ని పరీక్షిస్తూ 1947లో హెట్రజాన్ తెచ్చింది. అదే మన డి.ఇ.సి. మరుసటి ఏడాదే ఆయన చనిపోయాడు.

మనం ఈ రెండిటినీ ఆయన ఘనతల జాబితాలో వేర్వేరు వరసల్లో రాసుకుంటాం. వాటి మధ్య దారం అప్పటికి ఎవరికీ కనబడలేదు. పైగా ఈ మందుతో ఒక చిక్కుంది. ఒంట్లో పిల్ల పురుగుల్ని మాయం చేసేది, గాజుపాత్రలో వాటిని పెద్దగా ఏమీ చేసేది కాదు. దాంతో పనంతా మనిషి రోగనిరోధక కణాలదే అనుకున్నారు. ఎందుకు నడుస్తుందో తెలియని కోడ్‌ని ముట్టుకోకుండా ప్రొడక్షన్‌లో ఉంచేసినట్టు, దశాబ్దాలపాటు మందు వాడుతూనే పోయారు.

దారం కాల్షియం. 1960లలో జపాన్‌లో ఎబాషి దీన్ని తేల్చాడు. కండరంలో ట్రోపోనిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. కాల్షియం వచ్చి దానికి అతుక్కుంటే, యాక్టిన్ తీగ మీది అడ్డు పక్కకి జరుగుతుంది. అప్పుడు మయోసిన్ దాన్ని పట్టుకుని లాగుతుంది. పట్టు వదలాలన్నా, కాల్షియాన్ని మళ్ళీ గోదాములోకి తోడాలన్నా ఏటీపీ కావాలి. నులిపురుగుల్లో తాళం ఒక్కటే కాదు. యాక్టిన్ వైపు ట్రోపోనిన్ ఉండగా, మయోసిన్ వైపు కూడా కాల్షియానికి స్పందించే ఏర్పాటుంది. మిల్లీమీటరు పొడవుండే సి. ఎలిగెన్స్ పురుగులో ట్రోపోనిన్-సి జన్యువు పూర్తిగా చెడితే, పిండం కదల్లేక గుడ్డులోనే పెరగడం ఆగిపోతుంది.

2020లో అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు బ్రూగియా అనే ఫైలేరియా పురుగు కండరం మీద డి.ఇ.సి. వేసి చూశారు. కండర కణాల్లో టీఆర్‌పీ అనే ద్వారాలు తెరుచుకుని, కాల్షియం లోపలికి దూసుకొచ్చింది. పురుగు బిగుసుకుపోయింది. కొన్ని గంటల్లో తేరుకుంది కూడా. అంటే రోగనిరోధక కణాల పాత్ర అబద్ధం కాదు. మందు పురుగుని కాసేపు బిగదీస్తుంది, మిగతా పని ఒళ్ళు చూసుకుంటుందని అనుకోవచ్చు. సుబ్బారావు మందు పట్టుకున్నది, సుబ్బారావు చదివిన కండరాన్నే.

ఇప్పుడు గడప దగ్గరి ప్రశ్నకి జవాబు. చాలామందిలో ఏ వాపూ లేకుండానే రక్తంలో పిల్ల పురుగులుంటాయి. వాటిని దోమ పక్కింటికి మోస్తుంది. ఒక్క డోసు పెద్ద పురుగులన్నిటినీ చంపలేదు, అందుకే ఏటా మింగాలి. వాచిన కాలుని అది మామూలుగా చెయ్యదు. ఈ మాటలు మాత్రతోపాటు చెప్తే, గోలీ దిండు కింద కాక గొంతులోకి పోతుంది.