ఆరు తులాల జావా

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అన్నారు పెద్దలు. ఏనుగుల సంగతి నాకు తెలీదు గాని, మోటారు సైకిళ్ళ విషయంలో ఈ సామెత బొత్తిగా పనికిరాదు. కొత్తగా ఉన్నప్పుడొక ధర, పాతబడ్డాక మరొక ధర, మూలపడ్డాక పాత ఇనుపసామాను వాడి కాటా మీద ఇంకొక ధర. తీరా అది లోకంలో కనపడకుండా పోతున్న రోజుల్లో ఎవరో వెతుక్కుంటూ వచ్చి, కొన్ననాటి ధరకి డెబ్భై రెట్లు ఇస్తామంటారు! మన పట్టుచీరలకి ఎప్పుడైనా ఇలాంటి యోగం పట్టిందా? పాత జరీచీర వీధిలోకి తెస్తే వెండికి ధర కడతారే గాని, చీరకి కట్టరు.

దమ్మపేటలో మా ఇంట్లో ఒక జావా ఉండేది. 1970లో మామగారు ఖమ్మంలో ఒకరి దగ్గర పాతబండిగానే కొన్నారు. ఆయన అడవి కూపుల్లో కలప లెక్కలు రాసే గుమస్తా. ములకలపల్లి మీదుగా పాల్వంచ దాకా అడవిలో తిరగాలి. ఆయన చివరి రోజుల్లో, ఆయన కళ్ళముందే మావారు ఆ బండిని బాగుచేయించడం మొదలుపెట్టి, రెండేళ్ళపాటు ఆదివారాలన్నీ దానికే ధారపోశారు. మామగారు పోయారు. మావారి మోకాళ్ళు కిక్కు కొట్టనివ్వడం లేదు. పిల్లలకి అక్కర్లేదు. అమ్ముదామనుకున్నాం. ‘ఎంతకి?’ అన్నది ప్రశ్న. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు కోసం ప్రాగ్ నగరం నుంచి బయలుదేరి, మైసూరు మీదుగా, మా అత్తగారి మెడ దాకా రావలసొచ్చింది.

జావా అంటే ఇండోనేషియా దీవి అనుకునేదాన్ని నేను కాపరానికొచ్చిన కొత్తలో. దీవికీ దీనికీ సంబంధం లేదు. చెకోస్లవేకియాలో యానెచెక్ అనే ఆయుధాల వ్యాపారి ఉండేవాడు. తుపాకులకి గిరాకీ తగ్గిన రోజుల్లో, 1929లో, జర్మనీ వాళ్ళ వాండరర్ కంపెనీ దగ్గర మోటారు సైకిలు హక్కులు కొన్నాడు. తన పేరులో మొదటి ముక్క, వాళ్ళ పేరులో మొదటి ముక్క కలిపితే జావా అయింది. తరవాత రెండో ప్రపంచయుద్ధంలో దేశం నాజీల చేతికి చిక్కింది. సొంత బళ్ళు తయారు చెయ్యడానికి వీల్లేని ఆ రోజుల్లోనే అక్కడి ఇంజనీర్లు గుట్టుగా కొత్త బండి నమూనా సిద్ధం చేసుకున్నారు. 1946లో ప్యారిస్ ప్రదర్శనలో పెట్టేసరికి జనం నోళ్ళు తెరిచారు. మా ఇంటి బండి ఆ వంశంలోదే. కిక్కు కొట్టే రాడ్డే ముందుకు తిప్పితే గేరు రాడ్డు అవుతుంది. ఒకే సిలిండరు, రెండు పొగగొట్టాలు. పెట్రోలులో నూనె కలిపి పోస్తేనే నడుస్తుంది. తాళంచెవి చూస్తే మేకులా ఉంటుంది.

బొంబాయిలో ఇరానీ కుటుంబం వాళ్ళు ఈ బళ్ళని తెప్పించి అమ్మేవారు. స్వదేశంలో తయారు చేస్తే తప్ప కుదరదని ప్రభుత్వం బిగించాక, 1960లో మైసూరులో ఐడియల్ జావా కంపెనీ పెట్టారు. మరుసటి ఏడాది నుంచి బళ్ళు బయటికొచ్చాయి. ఫ్యాక్టరీని ప్రారంభించింది జయచామరాజ వడయారు. అప్పటికే మద్రాసు తిరువొత్తియూరులో ఎన్‌ఫీల్డు వాళ్ళ బుల్లెట్టు ఉంది. తరవాత ఫరీదాబాదు నుంచి ఎస్కార్ట్స్ వాళ్ళ రాజ్‌దూత్ వచ్చింది. బుల్లెట్టు మీద పోలీసాయనా, రాజ్‌దూత్ మీద పాలాయనా, జావా మీద కాస్త షోకైన మనిషీ... మా వైపు లెక్క అదే. మా మామగారు షోకైన మనిషేం కాదు. ఖమ్మంలో ఆ వేళకి దొరికింది అది.

‘దొరికింది’ అనే మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఈ కాలం పిల్లలకి అర్థం కాదు. ఎన్ని బళ్ళు తయారు చెయ్యాలో ప్రభుత్వమే నిర్ణయించే రోజులవి. స్కూటరు కోసం డబ్బు కట్టి పేరు రాయించుకుంటే ఏళ్ళ తరబడి ఎదురు చూడాలి. బజాజ్ చేతక్ కోసం పెళ్ళికి ముందు రాయించుకుని, పిల్లలు బళ్ళో చేరాక అందుకున్నవాళ్ళు నాకు తెలుసు. అందుకని షోరూములో కొత్త బండి ధర కన్నా బజారులో వాడిన బండి ధర ఎక్కువ! ఎదురు చూడక్కర్లేదు కదా, దానికీ ఒక ధర ఉంటుందన్నమాట. మోటారు సైకిళ్ళకి స్కూటర్లంత కరువు లేకపోయినా, పాతదని తగ్గించి ఇచ్చేవాళ్ళు లేరు. మామగారు ఆ పాత జావాకి రెండువేల ఎనిమిది వందలు ఇచ్చారు. గుమస్తాగిరీలో అంత ఎక్కడిది? సగానికి అప్పు. మిగతా సగానికి అత్తగారి నాను.

ఆరు తులాల నాను అది. అప్పటి తులం అంటే పదకొండున్నర గ్రాముల పైమాట. 1970లో పది గ్రాముల బంగారం 184 రూపాయలు. తరుగు పోగా చేతికి పన్నెండువందల పాతిక వచ్చిందని అత్తగారికి ఇప్పటికీ గుర్తు. ఎనభై దాటాయి ఆవిడకి. నిన్న ఏం కూర వండామో మర్చిపోతారు గాని ఈ పాతిక మాత్రం మర్చిపోరు.

ధర మొదటిసారి తలకిందులైంది 1984, 85ల్లో. ఇండ్-సుజుకీ, హీరో హోండా అంటూ జపాను సాయంతో వందసీసీ బళ్ళు దిగాయి. లీటరుకి అవి పరిగెత్తే దూరంలో సగం కూడా జావా వెళ్ళదు. పైగా పొగ. దాని తమ్ముడనదగ్గ యెజ్డీకి కూడా (1973 నుంచి మైసూరు బళ్ళకి ఆ పేరే పెట్టారు) గిరాకీ పడిపోయింది. 1996లో మైసూరు ఫ్యాక్టరీకి తాళం పడింది. విడిభాగాలు దొరకని బండి ఎవరిక్కావాలి? నూట ఇరవై కిలోల పైచిలుకు ఇనుము, అంతే. మా పెరట్లో చింతచెట్టు కింద కోళ్ళు దాని సీటు మీద గుడ్లు పెట్టిన రోజులు నాకు తెలుసు. అయినా మామగారు మాత్రం అయిదేళ్ళకోసారి దాని రిజిస్ట్రేషను పొడిగించుకుంటూనే వచ్చారు. చాదస్తం అనుకునేవాళ్ళం. ఆ చాదస్తానికి ఎంత విలువ ఉందో బేరం రోజున తెలిసింది.

రెండోసారి తలకిందులైంది ఈమధ్య. 2018 నవంబరులో జావా పేరుతో కొత్త బళ్ళు మళ్ళీ బజారులోకి వచ్చాయి. కొత్తది వచ్చేసరికి పాతదాని మీద జనానికి మమకారం పుట్టుకొచ్చింది. 2021లో కేంద్రం వాళ్ళు యాభై ఏళ్ళు దాటిన బళ్ళకి ‘వింటేజ్’ అని విడిగా నిబంధనలు పెట్టారు. కొత్తగా అలా నమోదు చేయించుకోవాలంటే ఇరవై వేలు కట్టాలి. ఆ పైన దాన్ని రోజువారీ పనులకి తిప్పకూడదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ తీసుకెళ్ళాలి. అంటే కూరగాయలకి వెళ్ళకూడదన్నమాట. మామగారి చలవ వల్ల మా బండికి పాత చట్టం నాటి మూడక్షరాల నంబరు, చెల్లుబాటులో ఉన్న కాగితాలు ఉన్నాయి.

ఇక బాగుచేయించడానికైన ఖర్చు. సిలిండరు బోరు కొట్టించడం, పిస్టను, బేరింగులు, రిమ్ములకీ ట్యాంకు పక్కలకీ క్రోమియం పూత, కుంచెతో గీసే సన్నటి బంగారు గీతలు, టైర్లు, సీటు, ఆరు వోల్టుల వైరింగు. అంతా కలిపి లక్షా పన్నెండు వేలు. మావారు ఈ లెక్కంతా ఒక నోటుబుక్కులో రాసి, దాని మీద తన ఆదివారాలు కూడా వేసి, రెండున్నర లక్షలు అడగాలన్నారు. మగవాళ్ళ లెక్కలు ఇలాగే ఉంటాయి. మనం పిండివంట చేసి, ఎవరైనా తిని బాగుందంటే చాలనుకుంటాం గాని, పొయ్యి దగ్గర నిలబడ్డ గంటలు లెక్క కడతామా?

కొనేవాడు చూసేది మనం పెట్టిన ఖర్చు కాదు. బెజవాడ నుంచి వచ్చిన కుర్రాడు మెరిసే క్రోమియం వైపు కన్నెత్తయినా చూడలేదు. టార్చిలైటు తీసి, ఫ్రేము మీదా ఇంజను మీదా కొట్టిన నంబర్లు చదివి, ఆర్.సి.తో సరిచూశాడు. రెండూ కలిశాయి. ఇంజను మార్చిన బండయితే ధర సగానికి పడిపోతుందట. కార్బురేటరు అసలుదేనా, ట్యాంకు అసలుదేనా అని అడిగాడు. “రంగు వెయ్యకుండా ఉంటే ఇంకా ఇచ్చేవాణ్ణి ఆంటీ” అన్నాడు. నేను నవ్వబోయాను గాని, అందులో నిజం లేకపోలేదు. 2018 జనవరిలో లాస్ వెగాస్‌లో ఒక విన్సెంట్ బ్లాక్ లైట్నింగ్ తొమ్మిది లక్షల ఇరవై తొమ్మిది వేల డాలర్లకి పోయింది. అప్పటికి వేలంపాటలో ఏ మోటారు సైకిలూ అంత పలకలేదు. 1951 నాటి ఆ బండికి ఎవరూ మెరుగులు దిద్దలేదు, ఉన్నది ఉన్నట్టే ఉంచారు. కొత్త పూత కింద ఏం దాగుందో కొనేవాడికి తెలీదు, పాత మచ్చ కింద దాచడానికేం ఉండదు. అయితే ఒకటి, అడవి వానల్లో నానిన మా జావాని అలాగే ఉంచితే మిగిలేది మచ్చ కాదు, చిల్లు.

వెనక చక్రానికున్న చీరగార్డు తీసేస్తే విదేశీ బండిలా ఉంటుందన్నాడు ఆ కుర్రాడు. లోపల్నుంచి అత్తగారు, “అదుండబట్టే నాయనా, నేనింకా రెండు కాళ్ళ మీదున్నా” అన్నారు. పాపం, వాడు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

చివరికి రెండు లక్షల అయిదు వేలకి బేరం తెగింది. తెగాక మొదలైంది అసలు ధర కట్టడం. బండి మామగారి స్వార్జితం. ఆయన వీలునామా రాయలేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకీ, కొడుకులకీ, కూతురికీ సమానంగా వస్తుంది. అంటే నాలుగు వాటాలు. మా వదినగారి పెళ్ళి 1984లో అయింది. ఆడపిల్లలకి పిత్రార్జితంలో వాటా ఇస్తూ మన రాష్ట్రం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకొచ్చింది, అంతకు ముందు పెళ్ళయినవాళ్ళకి వర్తించదు. ఏడాది తేడాతో పొలం పోయింది. 2005లో కేంద్రం చట్టం మార్చేనాటికి పంపకాలే అయిపోయాయి. ఆ నాను కూడా అసలు ఆవిడ పెళ్ళికి పెడదామనుకున్నదే. సంతకం కోసం ఫోను చేస్తే, “బండి కాగితాల మీద సంతకం కావలసొచ్చాక గుర్తొచ్చానన్నమాట” అన్నారావిడ. అనరా మరి?

లెక్క రెండు రకాలుగా చెయ్యొచ్చు. బాగుచెయ్యక ముందు సత్తుపల్లి నుంచి ఒకాయన వచ్చి అరవై వేలు ఇస్తానన్నాడు. ఇంటి ఆస్తి ఆ అరవై వేలే, ఆ పైన పెరిగిందంతా చేయించినవాడిదే అనుకుంటే వాటాకి పదిహేను వేలు. అలా కాకుండా, వచ్చిన దాంట్లోంచి ఖర్చు మాత్రం తీసేసి మిగిలిన తొంభై మూడు వేలూ పంచితే, వాటాకి ఇరవై మూడువేల రెండువందల యాభై. మరిది మొదటి లెక్కకే సరేనన్నాడు, అన్నగారి మొహమాటం కొద్దీ. నేను రెండోదే న్యాయం అన్నాను. బండి బాగుపడింది మావారి కష్టంతోనే, కాదనను. కాని దానికింత ధర పలికింది ఆయన వేయించిన రంగుకి కాదు, మామగారు కాపాడిన కాగితాలకీ, మారని నంబర్లకీ. ఆ రెండూ నలుగురివీ. మావారు రెండ్రోజులు ముభావంగా ఉండి, మూడో రోజు నోటుబుక్కులో ఆదివారాల పేజీ చింపేశారు.

నాను లెక్క మాత్రం ఎవరం తేల్చలేకపోయాం. 2025లో పది గ్రాములు లక్ష దాటింది. ఆరు తులాలంటే ఏడు లక్షల మాట. అదే కాలంలో జావా డెబ్భై రెట్లు పెరిగితే, బంగారం అయిదువందల రెట్లు దాటింది. నాను అమ్మకుండా ఉంటే... అని మరిది అనబోయాడు. “ఉంటే మీ నాన్న నడిచి తిరిగేవాడు అడివంతా” అన్నారు అత్తగారు.

యజమాని పోతే బండి ముందు వారసుల పేరు మీదికి మారాలి. దానికి ఫారం 31. ఆ తరవాతే కొన్నవాడి పేరు మీదికి, ఫారం 29, 30. వారసుల్లో ఎవరి పేర పెట్టాలన్నది చర్చే కాలేదు. మిగతా ముగ్గురూ సంతకాలు పెట్టి, అత్తగారి పేర పెట్టించారు. కొత్తగూడెంలో పని పూర్తయి ఆర్.సి. చేతికొచ్చాక, ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని తన పేరు రెండుసార్లు చదువుకున్నారు. మూడు వారాలపాటు మా ఇంట్లో జావా యజమాని ఆవిడే. వదినగారు కూడా వచ్చి నాలుగు రోజులుండి వెళ్ళారు. తన వాటాకి మరికొంత వేసుకుని సన్నటి గొలుసు చేయించుకున్నారు.

కుర్రాడు బండి తీసుకెళ్ళే రోజున అత్తగారు కాగితాల మీద సంతకం చేసి, వాణ్ణి పక్కకి పిలిచారు. “నూనె కలపకుండా పెట్రోలు పొయ్యకు బాబూ. ఆయనొకసారి పోశారు, అడవిలో ఆగిపోయింది” అన్నారు. వాడు సరే మామ్మగారూ అని కిక్కు కొట్టాడు. రెండోసారికి అందుకుంది.